మిస్సమ్మ అజ్ఞాతవాసం

మా అవ్వ తన జీవితంలో చూసిన సినిమాలు పదికి మించవు. వాటిలో ఒకదాని పేరు ఆమె చివరిదాకా 'మిస్సియమ్మ' అనే చెప్పేది. కాలేజీ చదువుకు మద్రాసు వెళ్ళి, అక్కడ ఒక థియేటర్లో 'మిస్సమ్మ' చూసి వచ్చిన రోజుల్లో నేను ఆమెను దిద్దబోయాను. "అవ్వా, అది మిస్సియమ్మ కాదు, మిస్సమ్మ" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నేను చూసింది మిస్సియమ్మనే. నువ్వు చూసింది ఇంకొకటి" అంది. చదువుకొన్నవాణ్ణి కదా, నవ్వి ఊరుకొన్నాను. ఆమె మాటే నిజమని తెలియడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

నిజంగానే ఆ సినిమాలు రెండు. తెలుగు 'మిస్సమ్మ' 1955 జనవరి 12న విడుదలయింది. రెండు రోజుల తర్వాత, జనవరి 14న, పొంగలి పండుగకు తమిళ 'మిస్సియమ్మ' వచ్చింది. ఒకటి అసలు, ఇంకొకటి దానికి గొంతు మార్చిన నకలు అనుకోకండి. మద్రాసులోని విజయా సంస్థవారు ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలో ఒకే కథను రెండు భాషల్లోనూ విడివిడిగా తీశారు. తెలుగులో ఎన్.టి. రామారావు వేసిన వేషం తమిళంలో జెమినీ గణేశన్ వేశాడు. అక్కినేని నాగేశ్వరరావు స్థానంలో తంగవేలు, రేలంగి స్థానంలో సారంగపాణి, రమణారెడ్డి స్థానంలో నంబియార్ వచ్చారు. సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు, ఋష్యేంద్రమణి మాత్రం రెండింటిలోనూ ఉన్నారు. బాణీలన్నీ సాలూరి రాజేశ్వరరావుగారివే. వాటికి తెలుగు మాటలు పింగళి నాగేంద్రరావు, తమిళ మాటలు తంజై రామయ్యదాసు కూర్చారు. చిత్తూరు జిల్లావాడైన ఏ.ఎం. రాజా రెండు భాషల్లోనూ పాడాడు.

హోసూరు తాలూకాలో మా పల్లె దగ్గరికి వచ్చిన టూరింగు టాకీసుకు దొరికింది తమిళ ప్రతి. మా అవ్వ చూసింది అదే. చూసి వచ్చి ఆమె అన్న మాటను మా ఇంట్లో అందరూ చెప్పుకొనేవారు: "ఆ పిల్ల మన పిల్లే. మనం సంతలో మాట్లాడే అరవమే మాట్లాడింది." సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరని అవ్వకు ఎవరూ చెప్పలేదు. చెవితోనే పట్టేసింది.

కథ పాఠకుల్లో చాలామందికి తెలిసిందే అయినా నాలుగు మాటల్లో గుర్తు చేస్తాను. అప్పాపురం జమీందారు ఒక బడి నడుపుతుంటాడు. దానికి పంతులూ పంతులమ్మా కావాలి. ఇద్దరూ బి.ఏ. చదివి ఉండాలి, పైగా భార్యాభర్తలై ఉండాలి. మద్రాసులో ఉద్యోగం లేక తిరుగుతున్న రావు అనే హిందూ యువకుడూ, తండ్రి చేసిన అప్పు తీర్చలేక, అప్పిచ్చిన డేవిడ్‌ను పెళ్ళాడలేక సతమతమవుతున్న మేరీ అనే క్రైస్తవ యువతీ ఆ ప్రకటన చూస్తారు. పెళ్ళయిన జంటమని అబద్ధమాడి ఉద్యోగంలో చేరతారు. అక్కడినుంచి అంతా గందరగోళమే. జమీందారు దంపతులు ఆమెను సొంత కూతురిలా చూసుకొంటారు. వాళ్ళ మురిపెం ఆమెకు భరించరానిది అవుతుంది. రావు ఆ ఇంటి అమ్మాయి సీతకు పాట నేర్పితే మేరీకి ఎక్కడలేని కోపం. డిటెక్టివునని చెప్పుకు తిరిగే మేనల్లుడు రాజుకు అందరిమీదా అనుమానమే. చివరికి, ఏళ్ళ కిందట తిరునాళ్ళలో తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి ఈ మేరీయే అని తేలుతుంది. కాలి మీది పుట్టుమచ్చ ఆమెను పట్టిస్తుంది.

ఈ కథ పుట్టింది తెలుగు నేల మీద కాదు. వంగదేశంలో రవీంద్రనాథ్ మైత్ర అనే ఆయన రాసిన 'మాన్‌మయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం దీనికి మూలం. బెంగాలీలో అది 1935లో ఒకసారి, 1958లో మరొకసారి సినిమాగా వచ్చింది. తెలుగులోకి తెచ్చినవారు చక్రపాణిగారు. తెనాలి పక్క ఐతానగరానికి చెందిన ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ జబ్బుతో మదనపల్లె శానిటోరియంలో ఉన్న కాలంలో బెంగాలీ నేర్చుకొన్నారు. శరత్‌బాబు నవలలను మన ఇళ్ళలోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన అనువాదాలు చదివి, శరత్ తెలుగువాడే అనుకొన్న పాఠకులు ఉండేవారట. నాగిరెడ్డిగారితో కలిసి 1947 జులైలో ఆయన మొదలుపెట్టిన 'చందమామ' కూడా పుట్టుకతోనే జంట: తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. ఒక బిడ్డకు రెండు పేర్లు పెట్టి రెండు ఇళ్ళలో పెంచడం వాళ్ళకు అలవాటైన పనే.

వేషాలు మారే ఈ కథకు, తెర వెనక కూడా వేషాలు మారాయి. మేరీ పాత్రకు ముందు అనుకొన్నది భానుమతిగారిని. కొంత షూటింగు కూడా జరిగింది. వరలక్ష్మీ వ్రతం చేసుకొని ఒకరోజు ఆలస్యంగా సెట్టుకు వచ్చారనీ, క్షమాపణ రాసిమ్మని చక్రపాణి పట్టుబట్టారనీ, ఆమె ససేమిరా అన్నారనీ, అంతవరకు తీసిన రీళ్ళను ఆయన కాల్చేశారనీ సినిమావాళ్ళు చెప్పుకొంటారు. క్రైస్తవ యువతిగా నటించవలసిన నటి వరలక్ష్మీ వ్రతం కారణంగా ఆ వేషం పోగొట్టుకోవడం చక్రపాణి రాయని హాస్యం. అంతకు ముందు చెల్లెలు సీతగా అనుకొన్న సావిత్రి మేరీ అయింది. సీత పాత్ర హంపిలో పుట్టిన జమునకు దక్కింది. సావిత్రి ఆ ఒక్క వేషంతో ఎక్కడికి చేరిందో మీకు తెలుసు. మరో విచిత్రం తమిళ చిత్రానిది. పెళ్ళికాని ఇద్దరు పెళ్ళయిందని నటించే కథలో, అప్పటికే పెళ్ళయినా ఆ సంగతి బయటికి చెప్పని ఇద్దరు నటించారు. జెమినీ గణేశన్, సావిత్రిల పెళ్ళి 1952లో జరిగింది. లోకానికి తెలిసింది కొన్నేళ్ళ తర్వాత.

విజయావారికి ఈ దొంగవేషాల కథలంటే మక్కువ. 1957లో 'మాయాబజార్' తీస్తే, అందులో ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో పెళ్ళివారిని ఆడిస్తాడు. 1962లో 'గుండమ్మ కథ'లో అన్నదమ్ములిద్దరూ ఊరూ పేరూ దాచి అల్లుళ్ళవుతారు. దానికి మూలం కూడా 1958 నాటి ఒక కన్నడ చిత్రం, 'మనె తుంబిద హెణ్ణు'. మిస్సమ్మ 1957లో హిందీకి వెళ్ళి 'మిస్ మేరీ' అయింది. మీనాకుమారి మేరీ, జెమినీ గణేశనే మళ్ళీ నాయకుడు, దర్శకుడు మళ్ళీ ప్రసాద్ గారే. వంగదేశంలో బయలుదేరిన కథ తెలుగూ తమిళమూ మీదుగా హిందీకి చేరి, హేమంత్ కుమార్ అనే బెంగాలీ సంగీతం కట్టుకొంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ సినిమా ఏ రోజుల్లో వచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులోనే ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకు రాలేదు. అదే రోజు బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. 1954 జూన్‌లో యానాంలో ఫ్రెంచివారి పాలన కూలింది. ఆ ఊరు పక్కనున్న గోదావరి జిల్లాలో కలవక, దూరాన ఉన్న పుదుచ్చేరితోనే ఉండిపోయింది. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ళు అప్పటికే, 1936 ఏప్రిల్ 1 నుంచి, ఒరిస్సావాళ్ళు. 1956 నవంబరు 1 నాటికి గీతలన్నీ గీయడం అయిపోయింది. ఆ గీతలకు అవతల మిగిలినవాళ్ళమే ఈ పత్రిక చదివే మనం.

అంటే, మద్రాసు ఆంధ్రులది కాదని తేలిన పదిహేను నెలలకు, ఆ మద్రాసులోనే తెలుగువాళ్ళు ఒకే కథను రెండు భాషల్లో తీసి, ఒకే పండుగకు ఇద్దరికీ ఇచ్చారు. వీధిలో 'మద్రాసు మనదే' అన్న కేకలు ఇంకా చెవుల్లో ఉన్న కాలంలో, వడపళని స్టూడియోలో సావిత్రి అటు మేరీగా తెలుగులో అలిగి, ఇటు మేరీగా తమిళంలో అలుగుతూ ఉంది. ఇదేదో గొప్ప సమైక్య సందేశం అని నేను అనను. అది వ్యాపారం. కానీ ఆ వ్యాపారానికి తెలిసిన నిజం ఒకటుంది: ఇక్కడ ఒకే మనిషికి రెండు మాటలు ఉండవచ్చు.

మా నాయనకు ఆ సంగతి వేరే విధంగా తెలిసింది. 1954లో ఆయన పల్లె వదిలి సేలం పట్టణానికి పని వెతుక్కుంటూ వెళ్ళాడు. అప్పుడు మా హోసూరు తాలూకా సేలం జిల్లాలోదే. ఒక జవళి అంగడిలో గుమాస్తా పని ఉందని తెలిసింది. తెలుగువాడినంటే ఇవ్వరేమోనని వెంట వచ్చినవాడెవరో చెప్పాడు. అవి అలాంటి రోజులు. నాయన తన పేరు చివరి 'లు' తీసేసి 'న్' తగిలించుకొన్నాడు. ఇంట్లో ఏ భాష అని యజమాని అడిగితే తమిళం అన్నాడు. పని దొరికింది. బాడుగ ఇల్లూ దొరికింది. రావూ మేరీ అప్పాపురంలో అడిగినదానికి అవునంటూ గడప దాటినట్టే, మేము సేలంలో దాటాం. వీధివైపు గదిలో తమిళం, వంటింట్లో తెలుగు. ఎవరైనా వస్తే అమ్మ మమ్మల్ని కేకేసే భాష కూడా మారిపోయేది.

ఆ అంగడి యజమాని చెడ్డవాడు కాడు. పండుగకు బట్టలిచ్చేవాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అడగకుండానే డబ్బు పంపాడు. పదకొండేళ్ళు ఆయన దగ్గర పనిచేసిన తర్వాత, 1965లో, ఆయన తల్లి చనిపోయింది. నాయన పలకరింపుకు వెళ్ళాడు. లోపలి నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. నాయన గడపలోనే ఆగిపోయాడట. వాళ్ళు తెలుగులో ఏడుస్తున్నారు. మా పల్లెలో ఎలా శోకాలు పెడతారో అలాగే, అవే పిలుపులతో. పదకొండేళ్ళూ ఒకే గదిలో కూర్చొని లెక్కలు చూసిన ఇద్దరు తెలుగువాళ్ళు, ఒకరినొకరు తమిళులనుకొని, తప్పుదొర్లకుండా జాగ్రత్తగా తమిళం మాట్లాడుకొన్నారు.

"మరి ఆ తర్వాత తెలుగులో మాట్లాడుకొన్నారా నాయనా?" అని చాలాకాలం తర్వాత అడిగాను. "లేదు. మరుసటి వారం అంగడి తెరిచాక మళ్ళీ తమిళమే. నోరు తిరగలేదు. ఇద్దరికీ సిగ్గేసింది" అన్నాడు. ఏ సినిమాలోనైనా ఇది నవ్వించే ఘట్టం అయ్యేది. నాయన చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

తెలుగువాడికి వేషం మార్చుకోవడం కొత్త విద్య కాదు. తిక్కన సోమయాజి భారతాన్ని అందుకొన్నదే విరాటపర్వంతో. వానలు పడకపోతే ఊళ్ళలో విరాటపర్వం చదివించేవారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, ద్రౌపది సైరంధ్రి. బతకడానికి పేరు మార్చుకొంటే అది నామోషీ కాదని మనకు చిన్నప్పుడే తెలుసు. అయితే పాండవుల అజ్ఞాతవాసానికి ఏడాది గడువు. ఆ ఏడాదిలో ఎవరైనా గుర్తుపడితే మళ్ళీ అడవికే. మన అజ్ఞాతవాసానికి గడువూ లేదు, ఆ భయమూ లేదు. మన భయం ఇంకొకటి. గుర్తుపట్టేవాళ్ళు లేకపోతే అది ఎన్నటికీ ముగియదు.

మిస్సమ్మను నేను మళ్ళీ మళ్ళీ చూసింది ఇందుకే. ఆ కథలో నాకు నచ్చనిది ఒకటుంది, చెప్పేస్తాను. ఒక హిందువూ ఒక క్రైస్తవురాలూ ప్రేమించుకొనేదాకా ధైర్యంగా తెచ్చిన కథ, చివరికి ఆమె పుట్టుకతో హిందువేనని తేల్చి ఊపిరి పీల్చుకొంటుంది. 1955లో అంతకన్న ఎక్కువ అడగడం న్యాయం కాదేమో. కానీ మేరీ మేరీగానే ఉండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నను పుట్టుమచ్చ మింగేసింది. రక్తమే మనిషి చిరునామా అని నమ్మితే నాబోటివాడికి చిక్కు. భాష రక్తంలో రాదు. అది ఎవరో చెబితే వస్తుంది, చెప్పకపోతే ఒక్క తరంలో పోతుంది.

కానీ అదే సినిమాలో దీనికి జవాబూ ఉంది. మేరీకి తన పాత పేరు జ్ఞాపకం లేదు. తన ఊరు తెలియదు. తాను తప్పిపోయానన్న సంగతే తెలియదు. ఆమె వెతుక్కుంటూ రాలేదు, ఉద్యోగానికి వచ్చింది. ఆమెను మహాలక్ష్మిని చేసింది పుట్టుమచ్చ ఒక్కటే కాదు. ఆ మచ్చను ఏళ్ళ తరబడి మరిచిపోని తల్లిదండ్రులు. వాళ్ళు కూతురి పేరుమీద బడి కట్టారు. పోయిందిలే అనుకోలేదు. మచ్చ ఎవరికైనా ఉంటుంది. జ్ఞాపకం పెట్టుకొనేవాళ్ళు ఉంటేనే అది గుర్తు అవుతుంది. ఇంకొక మాట. మేరీని పెంచిన పాల్ ఆ సినిమాలో దుర్మార్గుడు కాడు. తమది కాని బిడ్డను కన్నబిడ్డగా పెంచి, అప్పు చేసి బి.ఏ. చదివించాడు. కన్న తల్లి దొరికిందని పెంచిన తండ్రిని ఎవరూ తిట్టరు. మనల్ని పెంచిన తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో అంతే. యశోదను కాదనకుండానే దేవకిని తలుచుకోవచ్చు.

నాకు ఈ మాటలు చెప్పే అర్హత ఎంతో నాకే అనుమానం. 1956లో నన్ను బడిలో వేసినప్పుడు నాయన మాతృభాష అన్నచోట తమిళం అని రాయించాడు. అంగడిలో ఒకటి, బడిలో ఒకటి చెబితే ఎలా? సరిగ్గా ఆ ఏడే రాజ్యాంగానికి 7వ సవరణ జరిగి 350ఏ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. దేశం నాకు తెలుగు చదువు ఇవ్వడానికి చట్టం రాసుకొన్న ఏడాదే, నేను తెలుగువాణ్ణి కానని మా నాయన సంతకం పెట్టాడు. ఆయన తప్పు కాదు. ఆయనకు అప్పటికి నలుగురు పిల్లలు.

1983లో మా అమ్మాయిని తెలుగు తరగతిలో చేర్చాలని వెళ్ళాను. తండ్రి సర్టిఫికెట్టు చూపమన్నారు. చూపాను. అందులో తమిళం అని ఉంది. మాది తెలుగు ఇల్లేనని తెలుగులోనే చెప్పాను. అక్కడివారు నవ్వి, "తెలుగు మాకూ వచ్చు, అంతమాత్రాన మేము తెలుగువాళ్ళమా? కాగితం కావాలి" అన్నారు. అవ్వ రాసుకొన్న పాలపద్దు పుస్తకం తీసుకెళ్ళి చూపాను. అన్నీ తెలుగు అంకెలూ తెలుగు అక్షరాలే. అది సాక్ష్యం కింద రాదన్నారు. నా కాలిమీద ఏ పుట్టుమచ్చా లేదు. అమ్మాయి తమిళ తరగతిలోనే చేరింది.

ఆ సాయంత్రం అవ్వకు సంగతి చెప్పాను. అప్పటికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఏమీ అనలేదు. మరుసటి రోజు చేటలో బియ్యం పోసుకొని మనవడి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకొంది. "నా మనవడి బిడ్డకు ఎవరో కాగితం ఇచ్చేదాకా నేనుంటానా?" అని వేలు పట్టుకొని 'అ' దిద్దించింది. తాను చదివింది మూడో తరగతి. ఉన్నదంతా ఇచ్చింది. గుణింతాలు పూర్తయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది.

ఆ రోజుల్లోనే వీడియో క్యాసెట్ల అద్దె అంగళ్ళు వచ్చాయి. ఒక ఆదివారం మిస్సమ్మ తెలుగు క్యాసెట్టు తెచ్చాను. పేర్లు పడుతుంటే అమ్మాయి లేచి తెర దగ్గరికి వెళ్ళి ఒక్కో అక్షరం కూడబలుక్కొంది: మి, స్స, మ్మ. అవ్వ మంచంమీదనుంచే "మిస్సియమ్మ" అని దిద్దింది. నేను ఈసారి ఎవరినీ దిద్దలేదు. 'వేరే మనుషులున్నారే' అని రామారావును చూసి అవ్వ కాసేపు గొణిగింది. తర్వాత సావిత్రి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టింది. అవ్వ ముందుకు వంగి విన్నది. రెండు సన్నివేశాలు పోయాక, ఎవరితోనో కాక తనలో తాను అనుకొన్నట్టు అంది:

"ఇప్పటికి ఇంటికొచ్చింది, పిల్ల."